పైన ల్యాప్‌టాప్, కింద ప్రింటర్

నా పనికి నెలలో రెండు తేదీలు గట్టివి: 11, 20. జీఎస్‌టీఆర్-1 పదకొండులోపు, 3బి ఇరవైలోపు వేసేయాలి. విశాఖ పెదవాల్తేరులో మా మేడ మీద గదిలో కూర్చుని చిన్న షాపుల వాళ్ళకి ఈ రిటర్నులు వేస్తుంటాను. బిల్లులు తెచ్చేవాళ్ళు మెట్లెక్కి పైకి రారు, కింద వరండాలో మావయ్య గారి చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. ఆయన వాటిని తన డెస్క్‌టాప్ దగ్గర స్కాన్ చేసి నా ల్యాప్‌టాప్‌లోని షేర్ ఫోల్డర్‌లో వేస్తారు. నేను పైనుంచి ప్రింట్ కొడితే కింద ఆయన పక్కనున్న లేజర్ ప్రింటర్‌లో కాగితం వస్తుంది. స్కానర్, ప్రింటర్ రెండూ యూఎస్‌బీ వైరుతో ఆయన డెస్క్‌టాప్‌కే ఉన్నాయి.

ఈ మధ్య ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం. కొత్త ఫైబర్ బాక్సు కింద హాల్లో పెట్టారు. మేడ మీద పాత రౌటర్ అలాగే ఉంది, కింద నుంచి వచ్చిన కేబుల్ దానికే గుచ్చారు. అప్పటి నుంచి నా ల్యాప్‌టాప్‌కి ప్రింటర్ ఆఫ్‌లైన్. మావయ్య గారి డెస్క్‌టాప్‌కి నా ఫోల్డర్ అసలు లేనే లేదు. పైనా కిందా నెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. బిగించడానికి వచ్చిన కుర్రాడిని అడిగితే, "నెట్ వస్తోంది కదా మేడమ్, ఇంకేటి?" అన్నాడు. అతని పని అంతవరకే, తప్పు పట్టలేం. ఇంట్లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఏ కంపెనీ ప్యాకేజీలోనూ ఉండదు. అది మనమే చూసుకోవాలి.

ఇలాంటప్పుడు చాలామంది ముందు ప్రింటర్ తీసేసి మళ్ళీ యాడ్ చేస్తారు. నేను కింది నుంచి మొదలుపెడతాను. రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? ఉంటే, నంబరుతో పిలిస్తే పలుకుతోందా? ఆ తర్వాత పేరుతో పలుకుతోందా? పలికాక లోపలికి రానిస్తోందా? ఫోల్డర్ తెరుచుకున్నాకే ప్రింటర్ సంగతి. ఈ వరస తప్పితే గంటలు గంటలు పోతాయి, ఆఖరికి ఏది సరిచేస్తే ఏది బాగుపడిందో కూడా తెలియదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రెండింటిలోనూ, నెట్‌వర్క్‌లో కంప్యూటర్ నంబరు చూపించే ఐపీకాన్ఫిగ్ కొట్టాను. కింద డెస్క్‌టాప్ 192.168.1తో మొదలవుతోంది, పైన నా ల్యాప్‌టాప్ 192.168.0తో. మూడో అంకె దగ్గరే తేడా. నంబరులో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే సబ్‌నెట్ మాస్క్ ఇంట్లో సాధారణంగా 255.255.255.0 ఉంటుంది కాబట్టి మొదటి మూడు అంకెలూ కలిస్తేనే ఒకే నెట్‌వర్క్. మా ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారయ్యాయి. పైన రౌటర్‌కి కేబుల్ వ్యాన్ పోర్టులో, అంటే ఇంటర్నెట్ వచ్చే పోర్టులో గుచ్చడం వల్ల అది కింది బాక్సునే ఇంటర్నెట్ అనుకుని, తన వెనక వేరే నెట్‌వర్క్ ఒకటి సొంతంగా పెట్టుకుంది.

ఇక్కడ మనిషిని బాగా తికమకపెట్టే సంగతి ఒకటుంది. నేను పైనుంచి కింది డెస్క్‌టాప్ నంబరు పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని పిలిస్తే, జవాబు వచ్చింది. కింద నుంచి నా ల్యాప్‌టాప్ నంబరు పింగ్ చేస్తే రాలేదు. గొళ్ళెం లోపలివైపు ఉన్న తలుపులా, పై రౌటర్ తన వెనకున్నవాళ్ళని బయటికి పోనిస్తుంది, బయటివాళ్ళని తనంతట తాను లోపలికి రానివ్వదు. అందుకే నంబరు కొడితే నాకు కింది కంప్యూటర్ దొరుకుతుంది గానీ, పేరు కొడితే దొరకదు. పేరుతో వెతకడానికి కంప్యూటర్ వేసే కేక ఆ రౌటర్ దాటి పోదు. ప్రింటర్‌ని నేను ఎప్పుడో కంప్యూటర్ పేరుతోనే కలిపాను, కాబట్టి అది ఆఫ్‌లైన్. సగం పనిచేసి సగం పనిచేయనప్పుడు మనం సెట్టింగ్స్‌ని అనుమానిస్తాం. ఒకవైపు నుంచే పోతూ రెండోవైపు నుంచి రాకపోతే ముందు రౌటర్లని చూడండి.

సరిచేయడం కష్టమేమీ కాదు, వరస ముఖ్యం. కొత్త రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు. మా పాతదానిలో ఆ సదుపాయం లేదు. ముందు ల్యాప్‌టాప్‌ని దానికి కేబుల్‌తో కలిపి, రౌటర్ సొంత అడ్రసుని కింది నెట్‌వర్క్‌లోకి మార్చాను. కింది బాక్సు అందరికీ పంచిపెట్టే అడ్రసుల్లో అది తగలకుండా చూసుకున్నాను. తర్వాత పై రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేశాను. ఒక ఇంట్లో అడ్రసులు పంచేది ఒక్కటే ఉండాలి. చివరగా కింద నుంచి వచ్చిన కేబుల్‌ని వ్యాన్ పోర్టులోంచి తీసి, ఇంట్లో కంప్యూటర్లకి ఉండే ల్యాన్ పోర్టులో పెట్టాను. ల్యాప్‌టాప్ వైఫై ఒకసారి ఆపి మళ్ళీ పెట్టగానే 192.168.1లోకి వచ్చేసింది.

ఆ కేబుల్ గురించి కూడా చెప్పాలి, సముద్రం దగ్గర ఉండేవాళ్ళకి పనికొస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి పాత వైర్లన్నీ తెంపేశాక కొత్తగా వేయించిన కేబుల్ అది, బయట గోడ వెంబడే పైకి వస్తుంది. పోర్టు మార్చేటప్పుడు చూస్తే కొసన ఉండే బంగారు రంగు పిన్నులు రెండు ఆకుపచ్చగా తిరిగాయి. ఉప్పుగాలి పని. ఈథర్‌నెట్ కేబుల్‌లో నాలుగు జతల వైర్లుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. అందుకే మిగతా రెండు జతల్లో ఒకటి పోయినా లింకు ఆరిపోదు, వేగం పదో వంతుకి పడిపోతుంది. అంతకుముందు పెద్ద ఫైలు కాపీ చేసినప్పుడల్లా నత్తనడక నడిచేది. ద్వారకానగర్‌లో కొత్త కనెక్టర్లు కొని, కొస కత్తిరించి మళ్ళీ క్రింప్ చేయించాక లింకు స్పీడు గిగాబిట్ చూపించింది. గోడ బయట నడిచే కేబుల్ అయితే ఏడాదికోసారి కొసలు తీసి చూడటం మంచిది.

ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాక కూడా ఫోల్డర్ తెరుచుకోలేదు. ఇది నేను ఊహించిందే. రౌటర్ మారితే విండోస్ దృష్టిలో అది కొత్త నెట్‌వర్క్, కొత్త నెట్‌వర్క్‌ని అది పబ్లిక్ అని రాసుకుంటుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో ఎవరి వైఫైకో కలిసినప్పుడు మన ఫోల్డర్లు ఎవరికీ కనపడకూడదు కదా, ఆ జాగ్రత్తే ఇది. మన ఇంట్లో మాత్రం మార్చుకోవాలి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్ళి, కలిసి ఉన్న కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ అని పెట్టాలి. రెండు కంప్యూటర్లలోనూ పెట్టాలి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయాలి.

పక్కింటి అన్నయ్య గోడ మీంచి విని, "ఎందుకు చెల్లెమ్మా ఇంత టెన్షన్? ఫైర్‌వాల్ ఆపేయి, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆపేయి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయి, రెండు నిమిషాల పని," అన్నారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు, యూట్యూబ్‌లో సగం వీడియోలు చెప్పేదీ అదే. నేను ఒప్పుకోను. నా ఫోల్డర్‌లో ఉన్నవి ఊళ్ళో షాపుల వాళ్ళ పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. అవి నన్ను నమ్మి ఇచ్చినవి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది ఈ ఫైల్ షేరింగ్ దారినే, విండోస్ షేరింగ్‌కి వాడే ఎస్ఎంబీ అనే పద్ధతి పాత వెర్షన్‌లోని (ఎస్ఎంబీ1) లోపం పట్టుకుని. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, అది వేసుకోని కంప్యూటర్లకి అంటుకుంది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1ని కొత్తగా వేసిన సిస్టమ్‌లలో పెట్టడం మానేస్తూ వచ్చారు. పాత ప్రింటరో, పాత స్టోరేజీ బాక్సో కనపడట్లేదని ఎవరైనా ఎస్ఎంబీ1 ఆన్ చేయమంటే, ఆ పరికరాన్ని మార్చడమే మేలు.

ఫైర్‌వాల్ మొత్తం ఆపాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. షేరింగ్‌కి కావలసింది 445 అనే పోర్టు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, అవతలి నంబరు, పోర్టు 445 ఇస్తే తెరిచి ఉందో లేదో చెప్పేస్తుంది. పింగ్ పలక్కపోయినా ఇది పలికితే చాలు. పలక్కపోతే అవతలి కంప్యూటర్‌లో ప్రొఫైల్ ఇంకా పబ్లిక్ అయినా అయి ఉండాలి, ఎవరో వేసిన యాంటీవైరస్ సొంత ఫైర్‌వాల్ అయినా అడ్డుపడుతూ ఉండాలి. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో రెండోదే జరిగింది. ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు దాటాక కూడా అడ్డంగా కూర్చుంది. దాన్ని తీసేస్తే విండోస్ సొంత డిఫెండర్ పని అందుకుంది, పోర్టు తెరుచుకుంది.

445 తెరిచి ఉందని తేలాక, రన్ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి పక్కన నంబరు ఇచ్చాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. నా లెక్కలో ఇది గెలుపే, అవతలి కంప్యూటర్ మనతో మాట్లాడుతోందన్నమాట. మామూలుగా జనం ఆగిపోయేది ఇక్కడే. "అమ్మా, నేను రోజూ కొట్టే నాలుగంకెలు కొడితే తప్పు అంటోంది," అన్నారు మావయ్య గారు. ఆ నాలుగంకెలు పిన్. పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద పనిచేయదు. అక్కడ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్ళలో ఎక్కువమందికి ఆ పాస్‌వర్డ్ గుర్తుండదు. అసలు పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్ అయితే విండోస్ నెట్‌వర్క్ మీద రానివ్వదు, ఖాళీ పాస్‌వర్డ్‌ని ఎదురుగా కూర్చున్నప్పుడే ఒప్పుకుంటుంది.

నాకు నచ్చిన పరిష్కారం ఇది. షేర్ చేసే ప్రతి కంప్యూటర్‌లోనూ షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని పెట్టడం. మామూలు యూజర్, అడ్మిన్ కాదు. పేరు చిన్నది, పాస్‌వర్డ్ పెద్దది. ఎవరి సొంత పాస్‌వర్డూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మావయ్య గారి మెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలియాల్సిన పని లేదు, నాది ఆయనకి తెలియాల్సిన పని లేదు. ఉమ్మడి కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. యూజర్‌నేమ్ అడిగినప్పుడు అవతలి కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ యూజర్ పేరు కొట్టాలి. లేకపోతే మన సొంత కంప్యూటర్ యూజర్ అనుకుని వెనక్కి పంపుతుంది. గుర్తుపెట్టుకోమని టిక్ చేస్తే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకుంటుంది. ఎప్పుడో కొట్టిన పాత పాస్‌వర్డ్ అక్కడే ఉండిపోయి కొత్తదాన్ని రానివ్వకపోవడం కూడా మామూలే, దాన్ని తీసేసి మళ్ళీ ప్రయత్నించాలి.

లోపలికి వెళ్ళాక ఫోల్డర్ తెరుచుకుంటుంది గానీ ఫైలు సేవ్ అవదు, ఇది ఇంకో రకం. షేరింగ్ ట్యాబ్‌లో ఒక పర్మిషన్, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకో పర్మిషన్ ఉంటాయి. నెట్‌వర్క్ మీంచి వచ్చినవాళ్ళకి రెండిట్లో ఏది తక్కువ ఇస్తే అదే వర్తిస్తుంది. షేరింగ్‌లో చేంజ్, సెక్యూరిటీలో మాడిఫై ఆ ఒక్క యూజర్‌కి ఇచ్చాను. సి డ్రైవ్ మొత్తం షేర్ చేయకుండా డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ మాత్రం ఇచ్చాను.

విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ప్రో ఎడిషన్ వాళ్ళకి ఇంకో మార్పు వచ్చింది. గెస్ట్‌గా, అంటే పేరూ పాస్‌వర్డూ లేకుండా, ఏ షేర్ ఫోల్డర్‌లోకీ పోనివ్వడం మానేసింది, ప్రతి కనెక్షన్‌కీ సైనింగ్, అంటే దారిలో ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ సంతకం కావాలంటోంది. రౌటర్ వెనక యూఎస్‌బీ డిస్కు పెట్టుకుని పాస్‌వర్డ్ లేకుండా వాడుతున్నవాళ్ళకి నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోతే కారణం చాలాసార్లు ఇదే. ఆ డిస్కుకి యూజర్, పాస్‌వర్డ్ పెట్టండి, రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. దానికీ లొంగకపోతే ఆ డిస్కుని ఒక కంప్యూటర్‌కి తగిలించి అక్కడి నుంచి షేర్ చేయండి.

ఇక ప్రింటర్. ఫోల్డర్ తెరుచుకున్నాక ప్రింటర్ మీద డబుల్ క్లిక్ చేస్తే చివర 11బి అని ఉన్న ఎర్రర్ వచ్చింది. 2021లో విండోస్ ప్రింటింగ్ విభాగంలో వరసగా లోపాలు బయటపడ్డాయి. జులైలో ప్రింట్‌నైట్‌మేర్ పేరుతో పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ కావాలి. అదే సెప్టెంబరు అప్‌డేట్ నుంచి, ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి కూడా కట్టుదిట్టం చేశారు. రెండు కంప్యూటర్లలో ఒకటి అప్‌డేట్ అయి ఇంకోటి అవకపోతే ఈ 11బి వస్తుంది. రిజిస్ట్రీలో ఒక విలువని సున్నా చేస్తే పోతుందని అందరూ చెప్తారు. పోతుంది కూడా, కానీ అలా చేస్తే లోపాన్ని మళ్ళీ తెరిచిపెట్టినట్టే. నేను ముందు రెండింటికీ పెండింగ్ అప్‌డేట్లు వేశాను. అయినా పోలేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ డ్రైవర్‌ని విడిగా వేసి, యాడ్ ప్రింటర్‌లో లోకల్ పోర్ట్ ఎంచుకుని, పోర్టు పేరు దగ్గర రెండు బ్యాక్‌స్లాష్‌లు, కింది కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు ఇచ్చాను. షేర్ పేరులో ఖాళీలు లేకుండా చిన్నగా పెట్టుకుంటే ఇక్కడ సుఖం. టెస్ట్ పేజీ వచ్చింది.

అప్పటికే నేను కొట్టి కొట్టి వదిలేసిన ప్రింట్లు క్యూలో ఇరుక్కుని కదలడం లేదు. ప్రింట్లని వరసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ సర్వీసు ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఖాళీ చేసి, సర్వీసు మళ్ళీ మొదలుపెడితే క్యూ శుభ్రపడింది.

కింది డెస్క్‌టాప్ నిద్రపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు. దాని ద్వారా షేర్ అయ్యే ప్రింటర్ కూడా నిద్రపోయినట్టే. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ పెట్టాను, కానీ మావయ్య గారు మధ్యాహ్నం భోజనమవగానే కరెంటు దండగని మెయిన్ స్విచ్చే ఆపేస్తారు. అది ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి. ఆయనతో మాట్లాడి, 11కీ 20కీ ముందు రెండేసి రోజులు సాయంత్రం దాకా ఉంచేలా అనుకున్నాం.

ఇంకో ఇబ్బంది షేరింగ్‌ది కాదు గానీ అలాగే కనిపిస్తుంది. ఆయన గుడి కమిటీ కరపత్రాలు అను ఫాంట్లలో టైప్ చేస్తారు. ఆ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. "ఏటమ్మా, ఫైలు దారిలో పాడైపోనాదా?" అని కంగారుపడ్డారు. ఫైలు భద్రంగానే ఉంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కి అవి ఉత్త ఇంగ్లీషు అక్షరాలే. ఆయన దగ్గరే పీడీఎఫ్ చేసి ఫోల్డర్‌లో వేస్తే ఎక్కడ తెరిచినా, ఎక్కడ ప్రింట్ తీసినా సరిగ్గా వస్తుంది. గౌతమి ఫాంటులో చేసిన పాత ఫైళ్ళకైతే విండోస్ ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. విండోస్ 10 నుంచి అది అందరికీ తనంతట తాను రావడం లేదు.

మావయ్య గారి డెస్క్‌టాప్ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. అప్‌డేట్లు రాని కంప్యూటర్ మీద ఇంటి ప్రింటింగ్ అంతా ఆధారపడటం నాకు ఇష్టం లేదు. అందుకే అమ్మాయి కాలేజీ పనులకని కొన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ని ఎవరి కంప్యూటర్‌కీ తగిలించకుండా నేరుగా వైఫైలో పెట్టాను. ఇలాంటివి చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, రౌటర్‌లో అది ఆన్‌లో ఉండాలి. కింది బాక్సులోకి వెళ్ళి ఆ ప్రింటర్‌కి ఒకే అడ్రసు ఎప్పటికీ ఇచ్చేలా రిజర్వ్ చేశాను. కంప్యూటర్లలో దాన్ని తనంతట తాను దొరికిన డబ్ల్యూఎస్‌డీ పోర్టుతో వదిలేయకుండా స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టుతో, ఆ నంబరు ఇచ్చి కలిపాను. కరెంటు పోయి వచ్చినా, రౌటర్ రీస్టార్ట్ అయినా ఇప్పుడు ఆఫ్‌లైన్ అనడం లేదు. ప్రింటర్ కాస్త దూరంగా ఉన్నా ఫర్వాలేదనుకునే ఇళ్ళలో ఇదే మంచి ఏర్పాటు అని నా అభిప్రాయం. వానాకాలంలో మా వైపు కాగితం చెమ్మ పీల్చి రెండు మూడు కలిసి లాగేస్తుంది, ఆ జామ్‌ని కూడా కంప్యూటర్ ఎర్రర్ అనే చూపిస్తుంది. కాగితం కట్టని కవర్లోనే ఉంచి కావలసినన్ని తీసుకుంటున్నాం.

స్కాన్ చేసిన బిల్లులు ఇప్పుడు కింద నుంచి నేరుగా నా ఫోల్డర్‌లో పడుతున్నాయి. ఆ ఫోల్డర్‌ని వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్కుకి కాపీ చేస్తున్నాను. నెట్‌వర్క్ మీంచి ఎవరైనా ఒక ఫైలు డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి పోదు, అక్కడికక్కడే పోతుంది.